చింతగింజల లెక్క

నాకు ముట్టు ఎప్పుడవుతుందో నాకంటే ముందు మా అత్తమ్మకు తెలిసేది. 1992లో పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆమె కొట్టం గోడ మీద సున్నంతో గీతలు గీసేది. నేను బయట కూర్చున్న రోజు ఒక అడ్డగీత, తలకు పోసుకున్న రోజు ఒక నిలువుగీత. వంట ఎవరు చేయాలి, పోచమ్మకు బోనం ఏ ఆదివారం తీయాలి, విత్తనాల గంప ఎవరు ముట్టాలి, ఇవన్నీ ఆ గీతలను బట్టే నడిచేవి. రెండేండ్లు గడిచాక అదే అడ్డగీతకు ఇంకో అర్థం వచ్చింది. అది పడిందంటే ఆ నెల కూడా నేను నీళ్లోసుకోలేదన్నట్టు. సున్నపు వేలు గోడకు రాస్తూ, నావైపు చూడకుండానే అడిగేది: "గీ నెల గూడ అయితివా?"

మాది నాగిరెడ్డిపేట మండలం. అప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లా. నిజాం కాలంలో 1922లో పూర్తయిన పోచారం చెరువు కింద మాకొక మడి, మిట్ట మీద బాయి కింద ఇంకో ఎకరం. అలుగు దుంకిందంటే మా ఊళ్లకు పండుగే. నేను ఇంటి దగ్గర బీడీలు చుట్టేదాన్ని. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. మాట్లాడుతున్నా, ఏడుస్తున్నా వేళ్లు లెక్క తప్పేవి కావు. 1996లో అంగన్‌వాడీ టీచరునయ్యాను. ఊళ్లో పిల్లలందరినీ తూకం వేసి రిజిస్టరు నింపుతున్న నా ఒడి మాత్రం ఖాళీ. తొట్టెల పండుగకు పిలిచి, పసిబిడ్డను నా చేతికి ఇవ్వడానికి వచ్చేసరికి తటపటాయించేవాళ్లు. గొడ్రాలు అని ఎవరూ మొహం మీద అనలేదు. అననక్కర్లేదు కూడా.

చేయాల్సినవన్నీ చేశాం. ఏడుపాయల వనదుర్గమ్మకు మొక్కాం. దర్గా తాయెత్తు కట్టుకున్నాను. పసరు తాగి రెండు రోజులు వాంతులు చేసుకున్నాను. పట్నంలో ఒక డాక్టరు నన్ను మూడుసార్లు పరీక్ష చేసి అంతా బాగానే ఉందన్నాడు. మా ఆయనను బెంచీ మీద నుంచి లేవమని కూడా అనలేదు.

చివరికి అత్తమ్మ పంచాంగం చెప్పే అయ్యగారిని అడిగింది. ముట్టయిన నాటి నుంచి పదహారు రాత్రులే ఋతుకాలమనీ, అందులో మొదటి నాలుగూ వర్జ్యమనీ, పదహారు దాటితే భూమికి పదును పోయినట్టేననీ ఆయన చెప్పాడు. అత్తమ్మ ఆ మాట పట్టుకుని ఇల్లంతా దాని ప్రకారం సర్దింది. ఆ రోజుల్లో బావులకు కరెంటు ఎక్కువగా రాత్రిపూటే ఇచ్చేవాళ్లు. మోటారు వేయడానికి అన్నదమ్ములిద్దరిలో ఒకరు బాయి కాడ పండుకోవాల్సిందే. నా తలస్నానం నుంచి పదహారో రాత్రి దాకా మా ఆయన ఇంట్లో, మా మరిది బాయి కాడ. ఆ తర్వాత మా ఆయన గొంగడి, బ్యాటరీ లైటు పట్టుకుని బాయి కాడికి. ఇంత బహిరంగంగా ఒక సంసారం నడవడం ఊహించుకోండి. మా యారాలు మొహం చూడలేక నేను చాటలోని తునికాకు వైపే చూసేదాన్ని. రెండేండ్లు అట్లాగే గడిచాయి.

1997లో మా ఊళ్లకు ఒక సిస్టరమ్మ వచ్చి వెళ్తుండేది. కేరళ నుంచి వచ్చిన క్యాథలిక్ సన్యాసిని. మా దిక్కు చర్చి అనగానే అందరికీ మెదక్ చర్చే గుర్తొస్తుంది. పాస్నెట్ దొర కట్టించిన, 1924 క్రిస్మస్ నాడు తెరిచిన ఆ గుడి ప్రొటెస్టెంట్లది. ఈమె వేరు. బీపీ చూసేది, పిల్లలకు మందు పోసేది. తనంతట తాను మతం మాట ఎత్తడం నేనెప్పుడూ వినలేదు. అంగన్‌వాడీలో పిల్లలు పండుకున్నాక ఒక మధ్యాహ్నం నా సంగతి అడిగింది. చెప్పాను. పదహారు రాత్రుల సంగతి, బాయి కాడి వంతుల సంగతి కూడా చెప్పేశాను. ఆమె నవ్వలేదు. "నీకు ముట్టు ముట్టుకూ మధ్య ఎన్ని దినాలు?" అంది. నెలకోసారి అన్నాను. "నెల కాదమ్మా, దినాలు." నాకు తెలియదు. వెయ్యి బీడీలు కండ్లు మూసుకుని లెక్కపెట్టే మనిషికి తన ఒంటి లెక్క తెలియదు. అది గోడ మీద ఉంది, అత్తమ్మ సున్నంలో.

ఆమె చెప్పింది రెండే మాటలు. ముట్టయిన రోజు నుంచి రోజుకొక గింజ డబ్బాలో వెయ్యి. మధ్యలో కొన్ని రోజులు తడి మారుతుంది, పచ్చి గుడ్డు తెల్లసొన లెక్క సాగుతుంది, ఆ రోజు వేరే గింజ వెయ్యి. ఆ తడి నాకు తెలియనిది కాదు. ప్రతి ఆడదానికీ తెలుసు. అదేదో జబ్బనీ, తెల్లబట్ట అనీ, ఒంట్లో సత్తువ పోతున్నదనీ అనుకునేవాళ్లం. నేను సిగ్గుతో తల వంచుకుంటే ఆమె, "పెండ్లి కానిదాన్ని, నేనే చెప్తున్న. నీకెందుకు సిగ్గు?" అంది.

పాత తంబాకు డబ్బా ఒకటి ఉంది. రోజుకొక చింతగింజ వేశాను. తడి మారిన రోజు కంది గింజ. నాలుగు నెలలు పోయాక చూస్తే లెక్క తేటపడింది. నాది ముప్పై మూడు, ముప్పై నాలుగు రోజుల తిరుగుడు. కంది గింజలు పడేది పదిహేడు నుంచి ఇరవై మధ్య. అంటే మా ఆయన గొంగడి సర్దుకుని బాయి కాడికి పోయిన నాటి నుంచే.

దీనికి శాస్త్రం తర్వాత చదువుకున్నాను. అండం విడుదలయ్యేది ముందటి ముట్టు నుంచి ఇన్ని రోజులకని కాదు, రాబోయే ముట్టుకు సుమారు రెండు వారాల ముందు. 1924లో జపాన్ డాక్టరు క్యుసాకు ఒగినో కనిపెట్టింది ఇదే. దాదాపు అదే కాలంలో ఆస్ట్రియాలో హెర్మన్ క్నౌస్ కూడా ఇదే దారిలో వచ్చాడు. అండం బతికేది ఒక రోజే, మగవాడి బీజం మాత్రం అయిదు రోజుల దాకా ఉండగలదు. కాబట్టి గర్భం నిలిచే రోజులు ఆరో ఏడో. చిక్కెక్కడంటే, రాబోయే ముట్టు ఎప్పుడో ముందుగా ఎవరు చెప్పగలరు? లెక్క వెనక నుంచి రావాలి, మనిషి ముందుకు నడవాలి. అందుకే గోడ మీది గీత చాలదు, పంచాంగం చాలదు. ఆ రోజు వచ్చిందని ఆ రోజే చెప్పగలిగేది ఆ ఒళ్లున్న మనిషి ఒక్కతే. ఒగినో ఇది పిల్లలు కావాలనుకునేవాళ్ల కోసం చెప్పాడు. పిల్లలు వద్దనుకునేవాళ్లు దీన్నే నమ్ముకుంటే ఆయన వద్దని మొత్తుకున్నాడు. ఆ లెక్కన ఆయన మాట ప్రకారం నడిచింది నేనే.

తెలుసుకోవడం తేలిక. చెప్పడం కష్టమైంది. ఒక రాత్రి మా ఆయనకు డబ్బా చూపించాను. గింజలు చాపమీద పోసి లెక్కపెట్టించాను. రైతు కదా, లెక్క తొందరగానే అందింది. చాలాసేపు ఊరుకుని, "మరి అయ్యగారు చెప్పింది?" అన్నాడు. "అయ్యగారికి నా సంగతేం ఎర్క?" అన్నాను. అంతకుముందు ఆ ఇంట్లో నేను అంత గట్టిగా మాట్లాడి ఎరుగను. వచ్చే నెల పద్దెనిమిదో రోజు ఆయనకు జ్వరమొచ్చింది. తల్లితో అట్లా చెప్పాడు. మా మరిది బాయి కాడికి పోయాడు. జ్వరం మూడు రాత్రులుంది. రెండో నెల మళ్లీ జ్వరం. మూడో నెల అడ్డగీత పడలేదు. అదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను. ఒగినో లేని కాలంలోనూ పిల్లలు పుట్టారు, పదహారు రాత్రులు పాటించినవాళ్లకూ పుట్టారు. జరిగింది చెప్తున్నానంతే.

1999లో శివరాత్రి జాతరకు బిడ్డను ఎత్తుకుని ఏడుపాయలకు పోయాం. మంజీర ఏడు పాయలుగా చీలే ఆ బండల మధ్య అత్తమ్మ తడిబట్టలతో దండం పెట్టి, "నువ్వే ఇచ్చినవు తల్లీ" అని ఏడ్చింది. నేనూ దండం పెట్టాను. లోపల మాత్రం దొంగలా నిలబడ్డాను. దినం తెలిసి తెచ్చుకున్న బిడ్డ వరమెట్లా అవుతుంది? అమ్మవారి దగ్గర మొక్కు చెల్లించడం అబద్ధమాడినట్టు కాదా? ఇరవై అయిదేండ్లుగా నా వెంట ఉన్న ప్రశ్న ఇదే. పెద్దగా చదువుకున్నదాన్ని కాను. దీని కోసం చదివాను.

అయ్యగారు చెప్పిన పదహారు రాత్రులు ఆయన సొంతవి కావు. మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉన్నాయి. సరి రాత్రులు కొడుకు, బేసి రాత్రులు కూతురు అని కూడా అక్కడే ఉంది. దానికి ఏ ఆధారమూ లేదు గానీ మా పక్క దాన్ని నమ్మి ముహూర్తాలు పెట్టించుకున్న చదువుకున్నవాళ్లు నాకు తెలుసు. పరాశర స్మృతి ఇంకో అడుగు ముందుకు వేసి, ఋతుస్నానం చేసిన భార్య దగ్గరికి పోని మగవాడికి భ్రూణహత్య పాపం అంటగట్టింది. అదే మనువు, కొన్ని రాత్రులు తప్ప మిగతావి విడిచిపెట్టిన గృహస్థు బ్రహ్మచారితో సమానమన్నాడు. అంటే మనవాళ్లకు దినాలు లెక్కపెట్టడం కొత్తా కాదు, తప్పూ కాదు. పదహారు సంస్కారాల్లో మొదటిది గర్భాధానమే. దేవుడిచ్చినప్పుడే అని చేతులు కట్టుకుని కూర్చోమని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. మరి నాకెందుకు దొంగతనంలా అనిపించింది? ఆ లెక్కలన్నీ మగవాడికి చెప్పినవి. ఫలానా రాత్రి వెళ్లు, ఫలానా రాత్రి వెళ్లకు. స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం అని చెప్పాక, పొలాన్ని నీ పదునెప్పుడని అడిగేవాడెవడు? నేను చేసిన తప్పల్లా పొలం నోరు తెరవడమే.

ఇంకో కథ నాకు ఎక్కువ ఆసరా ఇచ్చింది. విశ్వరూపుణ్ణి చంపిన ఇంద్రుడికి బ్రహ్మహత్య చుట్టుకుంటే, ఆ పాపాన్ని భూమి, చెట్లు, స్త్రీలు తలా కొంత పంచుకున్నారు. భాగవతంలో నీళ్లు కూడా చేరతాయి. స్త్రీల వాటాయే ముట్టు అయిందంటారు. ఋషిపంచమి నాడు ముసలమ్మలు నోము పట్టేది ఈ దోషం పోవడానికే. కానీ ఊరికే ఎవరూ పాపం మోయరు కదా. తైత్తిరీయ సంహితలో స్త్రీలు బదులుగా వరం అడుగుతారు: ఋతువు వల్ల సంతానం పొందాలని, తమ ఇష్టప్రకారం భర్తతో కూడాలని. అడిగింది వాళ్లు, ఇచ్చింది ఇంద్రుడు. మనం నోములో పాపం సగం గుర్తుపెట్టుకున్నాం, వరం సగం మరిచిపోయాం. ఒడిశాలో జూన్ నడుమ రజ పండుగ నాడు భూదేవి ముట్టయిందని మూడు రోజులు నాగలి కట్టరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. మనకు మృగశిర కార్తె నడిచే రోజులవి. అక్కడ ముట్టు పండుగ. ఇక్కడ వెనక వసారా, వేరే కంచం.

నాతోపాటు బీడీలు చుట్టిన ఖాలా చెప్పేది, వాళ్ల ఖురాన్‌లోనూ ఆ దినాల్లో దూరముండమనే ఉందట. నియమం పాటించే యూదులైతే ముట్టు ఆగాక కూడా ఏడు రోజులు లెక్కపెట్టి, స్నానం చేసి భర్త దగ్గరికి వస్తారు. చాలామందికి అది సరిగ్గా గర్భం నిలిచే రోజుల్లోనే పడుతుంది. తిరుగుడు చిన్నదైన ఆడవాళ్లకు మాత్రం స్నానం నాటికే ఆ రోజు దాటిపోతుంది. నాకు పదహారుతో దాటిపోయింది, వాళ్లకు ముట్టూ ఆ ఏడూ కలిసిన పన్నెండుతో. దేవుడి పేరు మీద అంకె వేసిన ప్రతిచోటా ఎవరో ఒకామె ఆ అంకెలో ఇమడదు.

బిడ్డ పుట్టాక సిస్టరమ్మ మళ్లీ వచ్చింది. ఎడం పాటించాలంటే అదే డబ్బాను తిప్పి వాడుకోమంది. కంది గింజల రోజుల్లో దూరంగా ఉండటం. మాత్రలు, లూపు వద్దంది. అవెందుకు పాపం, ఇదెందుకు కాదు అని అడిగాను. ఆమె వాళ్ల పోపుల సంగతి చెప్పింది. 1930లో ఒకాయన కృత్రిమ పద్ధతులన్నీ వద్దన్నాడు. 1951లో పన్నెండో పయస్ మంత్రసానుల సభలో మాట్లాడుతూ, గట్టి కారణముంటే గర్భం రాని రోజులు చూసుకోవచ్చన్నాడు. 1968 జూలైలో ఆరో పాల్ మాత్రలను కాదని దీన్ని ఒప్పుకున్నాడు. మనిషి తలుపు మూయకూడదు, దేవుడే మూసిన వేళ చూసుకోవచ్చు అని ఆమె సారాంశం. నాకు అతకలేదు. "ఇంట్లో ఉండి లేనని చెప్పించడం తప్పు, చుట్టాలొచ్చే వేళ చూసి బయటికి పోవడం తప్పు కాదంటావు. చుట్టం తిరిగిపోవడం ఒకటే కదా సిస్టరమ్మా?" అన్నాను. ఆమె ఆలోచించి, "నువ్వు ఏకాదశి ఉంటవు. అన్నం మీద కోపమా?" అంది.

మంచి మాటే. ఇప్పటికీ కాదనలేను. ఉపవాసముండటం అన్నాన్ని అవమానించడం కాదు. కానీ ఏకాదశి నేనొక్కదాన్నే ఉండగలను. ఈ ఉపవాసం ఇద్దరు ఉండాలి. ఆ మాటే అన్నాను. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా, ఆ ఉపవాసం ఆమె ఒక్కతే ఉంటున్నది.

గాంధీ దగ్గరా లేదు. 1935 డిసెంబరులో అమెరికా నుంచి మార్గరెట్ శాంగర్ వార్ధాకు వచ్చి గర్భనిరోధం గురించి ఆయనతో వాదించింది. సాధనాలేవీ వద్దని పట్టుబట్టిన ఆయన, క్షేమమైన రోజులు చూసుకునే పద్ధతిని మాత్రం కొంత సహించాడు. అందులో నిగ్రహం ఉంది కాబట్టి. ఆడవాళ్లు మొగుళ్లకు కాదని చెప్పడం నేర్చుకోవాలన్నాడు. మహాత్ముడు చెప్పాడు సరే, రాత్రి పదింటికి కల్లు తాగి వచ్చినవాడికి ఎట్లా చెప్పాలో చెప్పలేదు. తర్వాత గాంధీ శిష్యురాలే, ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్‌కౌర్, 1951లో ఏబ్రహాం స్టోన్ అనే డాక్టరును పిలిపించింది. మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో, ఢిల్లీ లోదీ కాలనీలో ఆడవాళ్లకు రంగు పూసల దండలిచ్చి రోజుకొక పూస జరపమన్నారు. నా చింతగింజలకు ముత్తవ్వ అన్నమాట. ఆ ప్రయోగం నిలవలేదు. పూసలు వేసుకుంటేనే గర్భం రాదనుకున్నారని మన ఆడవాళ్ల మీద జోకులు మాత్రం మిగిలాయి. యాభై ఏండ్ల తర్వాత అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు ముప్పై రెండు పూసల దండ మళ్లీ తెచ్చారు. ముట్టు ఇరవై ఆరు నుంచి ముప్పై రెండు రోజుల మధ్య వచ్చేవాళ్లు ఎనిమిదో రోజు నుంచి పంతొమ్మిదో రోజు దాకా జాగ్రత్తపడాలి. తప్పకుండా పాటిస్తే ఏడాదికి నూటికి అయిదుగురికి, మామూలు మనుషులు పాటించినట్టు పాటిస్తే పన్నెండు మందికి గర్భం నిలుస్తుంది. నాది ముప్పై మూడు. ఆ దండలోనూ నేను పట్టను.

చదువు రాని ఆడవాళ్లకు ఇవన్నీ అర్థమవుతాయా అని మెలికలు పెట్టేవాళ్లకు ఒక మాట. తడిని చూసి దినం గుర్తుపట్టే పద్ధతిని 1950లలో మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్ మొదలుపెట్టాడు, భార్య ఎవెలిన్ అందులో కలిసింది. 1970ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు చోట్ల దాన్ని పరీక్షించింది. ఒకటి మన బెంగళూరు. నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్లు మొదటి నెలలోనే గుర్తుపట్టారు, చదువు రానివాళ్లతో సహా. ఆడదానికి తెలియకపోవడం కాదు ఎప్పుడూ సమస్య.

నా సంగతే చెప్తాను. రెండేండ్ల పైన డబ్బా మాట చెల్లింది. 2001 దసరా నాడు చెల్లలేదు. జమ్మికి పోయి, అలయ్‌బలయ్ తీసుకుని, పొద్దుపోయాక వచ్చాడు. కంది గింజ రోజులని చెప్పాను. గింజల లెక్క తప్పలేదు. నా మాట తప్పిపోయింది. తెల్లారి ఆయన మొహం చెల్లక పొలానికి పోయి మధ్యాహ్నం దాకా రాలేదు. నాలుగు నెలల తర్వాత నడుము నొప్పితో చాపమీద కూర్చుని ఉంటే గింజల డబ్బా తీసి తనే అటక మీద పెట్టాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. నా కోసం తల్లికి అబద్ధమాడి మూడు రాత్రులు జ్వరం నటించినవాడు. ఆ మంచి మనిషితోనే ఇట్లా అయింది. కొడుకు పుట్టాడు, వాడంటే నాకు ప్రాణం. అయినా ఆ రాత్రిని వాడి పుట్టుకతో కలిపి చూసుకోవడం నాకు చేతకాదు. రెండూ వేరువేరుగానే నా దగ్గర ఉన్నాయి.

2002లో ఆపరేషన్ చేయించుకున్నాను. నేనే, ఆయన కాదు. ఆయన ఎందుకు కాదన్నది ఎవరూ అడగని ప్రశ్న. తెలంగాణలో పెండ్లయిన ఆడవాళ్లలో పదిమందిలో ఆరుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మా అంగన్‌వాడీకి వచ్చే తల్లులు చాలామంది రెండో కాన్పుతోనే, ఇరవై రెండు ఇరవై మూడేండ్లకే ముగించేవాళ్లు. వాళ్లను తప్పుపట్టను. ఒక్కసారి కోసేసుకుంటే ఏ దసరాకూ భయపడక్కర్లేదు. కానీ అదే ఒళ్లు ముప్పై అయిదేండ్లకు తెల్లబట్ట అనీ, నడుము నొప్పి అనీ గర్భసంచి తీయించుకోవడానికి పోతున్నప్పుడు గుండె చెరువవుతుంది. 2015-16 సర్వే నాటికి గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో అందరికంటే ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత తెలంగాణలో. అందులో కొందరిది జబ్బే కాకపోవచ్చు. ప్రతి నెలా వచ్చిపోయే తడి కావచ్చు. కంది గింజ వేయాల్సిన రోజును చూపించి డబ్బు కట్టి కోయించుకున్నారేమోనని నా భయం.

మాత్రల సంగతి ఇంకో విడ్డూరం. పిల్లలు పుట్టకుండా మాత్ర మింగడం దేవుడి పనికి అడ్డం పడటమని మా ఇంట్లోనూ అన్నారు. అదే ఇంట్లో ఇంటికొచ్చే వ్రతానికి, జాతరకు, పెండ్లికి ముట్టు వెనక్కి జరపడానికి మెడికల్ షాపు నుంచి గోళీలు తెప్పించారు. అవీ ఆ జాతి మందులే. బతుకమ్మ తొమ్మిది రోజుల ముందు మా ఊరి మెడికల్ షాపు అబ్బాయిని అడగండి, ఎన్ని అమ్ముతాడో చెప్తాడు. ప్రకృతికి అడ్డుపడటం పాపమైతే ఇదీ పాపం కావాలి. దేవుడి సౌకర్యం కోసం ఆపితే పుణ్యం, ఆడదాని సౌకర్యం కోసం ఆపితే పాపం అనే ధర్మం ఏ స్మృతిలో ఉందో నాకు దొరకలేదు. దాంతో నా మనసులో సిస్టరమ్మ వాదమూ, అయ్యగారి వాదమూ రెండూ తేలికపడ్డాయి. సహజమా, కృత్రిమమా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ దినం గురించి ఎవరి మాట చెల్లుతుందన్నదే ప్రశ్న. నా మాట చెల్లిన రాత్రి చింతగింజ ధర్మమే. చెల్లని రాత్రి ముప్పై రెండు పూసల దండా దండగే.

ఒకటి ఒప్పుకోవాలి. వెనక వసారాలో పెట్టిన ఆ మూడు రోజులను నేను ఎంత తిట్టుకున్నా, మా కాలం ఆడవాళ్లకు ఎదురు ప్రశ్న లేకుండా చెల్లిన 'వద్దు' అదొక్కటే. అంటు అన్నాక ఎంత తాగొచ్చినవాడూ దగ్గరికి రాడు. అందుకే కొందరు నాలుగో రోజు, అయిదో రోజు కూడా ఇంకా తగ్గలేదని చాప ఎత్తేవాళ్లు కాదు. నేనూ చేశాను. ఆషాఢంలో కొత్తపెండ్లికూతుర్ని పుట్టింటికి పంపడంలోనూ ఇదే గుట్టు. చైత్ర వైశాఖాల ఎండల్లో కాన్పు రాకూడదని పెద్దలు చెప్తారు, లెక్క సరిపోతుంది కూడా. నేను లింగంపేట దిక్కు మా పుట్టింటికి పోయి ఆ నెలంతా కడుపునిండా నిద్రపోయింది మాత్రం ఏ లెక్కా లేకుండానే. మైల అనే అబద్ధం చాటున మాకు దక్కిన నిజమైన విశ్రాంతి అది. అబద్ధం పోవాలి, నేనూ అంటాను. పోయాక ఆ 'వద్దు'ను ఎక్కడ పెట్టాలో కూడా చూసుకోవాలి.

ఏడుపాయల ముందు దొంగలా నిలబడ్డ దాని గురించి ఇప్పుడు నా తీర్పు ఇది: నేను అబద్ధమాడలేదు. దినం తెలుసుకున్నాను గానీ బిడ్డను చేయలేదు. మొదటి నెల అదే లెక్క, అదే జ్వరం, బిడ్డ నిలవలేదు. రెండో నెల నిలిచింది. ఆ తేడా నా డబ్బాలో లేదు. అది అమ్మవారిదంటే నాకు అభ్యంతరం లేదు. అత్తమ్మ మొక్కు కూడా నిజమే. ఆమె పోయేముందు డబ్బా సంగతి చెప్పాను. చాలాసేపు పైకప్పు చూసి, "గంత ఎర్కుండి నాతోని గోడ మీద గీతలు గీయిస్తివా?" అంది. నవ్విందో కోపగించుకుందో ఇప్పటికీ తెలియదు.

మా బిడ్డ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నది. పెండ్లయి రెండేండ్లు. దాని లెక్క ఫోనులో ఉంటుంది. గులాబీ రంగు గుండ్రాలు, ఏ రోజు ఏమిటో గంట కొట్టి చెప్తుంది. సంబురపడ్డాను. తర్వాత తెలిసింది, కోట్లమంది వాడే అట్లాంటి ఒక యాప్ ఆడవాళ్ల వివరాలను ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకు అందించిందని 2021లో అమెరికా ప్రభుత్వ సంస్థ అభియోగం మోపిందని. మళ్లీ గోడ మీదికే వచ్చిందన్నమాట లెక్క, ఈసారి గోడ మాత్రం మా కొట్టానిది కాదు. బిడ్డకు చెప్తే నవ్వింది. తర్వాత వారానికి ఒక చిన్న నోటుబుక్కు కొన్నానని ఫోను చేసింది. అల్లుడికి దాన్ని చదవడం వచ్చా అని అడిగాను. "నేను చెప్తే వింటడమ్మా" అంది. నాకు అంతకంటే కావలసింది లేదు.

మీ ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చీర పెడతారు, సారె పెడతారు, పంచాంగంలో తిథి, వారం, నక్షత్రం చూసి ఫలం చెప్పించుకుంటారు. వాటితోపాటు ఒక చిన్న పుస్తకం, పెన్సిలు కూడా పెట్టండి. తేదీ రాసుకోమనండి. రాసింది అడిగి చూడకండి.